చీకటిరేడు కోసం ఏడ్చిన ఊరు

ఆ రోజుల్లో ఒక టీవీ సీరియల్ జనానికి నచ్చిందో లేదో తెలియాలంటే ఎవడో ఒకడు బస్సెక్కి ఆ జనం ఇంటికి వెళ్ళి, చెప్పులు గుమ్మం బయట విడిచి, ఇచ్చిన మంచినీళ్ళు తాగి, "ఏమండీ, ఎలా ఉందండీ?" అని అడగాల్సి వచ్చేది. ఇప్పుడా బాధ లేదు. ఎప్పుడో ఆగిపోయిన చీకటిరేడు సీరియల్‌ని మొన్న మళ్ళీ లేపి ఫోన్లలోకి వదిలారు కదా, మొదటి భాగం అయ్యీ కాకముందే దాని కింద బోలెడుమంది అభిప్రాయాలు రాసి పారేశారు. ఒకాయన ఒళ్ళు జలదరించిందన్నాడు. ఒకావిడ రాత్రంతా నిద్ర పట్టలేదంది (సీరియల్ వదిలింది పొద్దున పదింటికి, ఆవిడ రాసింది పదకొండింటికి). ఇంకొకాయన 'ఏడ్చేశాను' అని రాసి పక్కన ఏడుపు బొమ్మలు వరసగా పేర్చాడు. అవన్నీ నేను కళ్ళజోడు సర్దుకుని, పరాయి పెళ్ళిలో పప్పు రుచి చూసే పాత వంటవాడిలా ఒక్కొక్కటే చదివాను. ఎందుకంటే ఈ చీకటిరేడు చచ్చి బతకడం ఇది మొదటిసారి కాదు. మొదటిసారి చచ్చినప్పుడు బతికించింది నేను. గుంటూరు, ప్రకాశం జిల్లాలు రెండూ ఏకమై వెక్కి వెక్కి ఏడిస్తే, ఆ ఏడుపుకి కర్తని నేనే. (రెండు జిల్లాలు కాదు లెండి. ఒక షెడ్డు.)

అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. డిగ్రీ చేతికొచ్చి నాలుగేళ్ళయినా ఉద్యోగం చేతికి రాలేదు. హైదరాబాదులో కొత్తగా పెట్టిన ఒక టీవీ ఛానల్ వాళ్ళు జిల్లాకొక 'ప్రేక్షక ప్రతినిధి'ని వేసుకుంటున్నారని తెలిసి దరఖాస్తు పెడితే, రెండు జిల్లాలకీ కలిపి నన్నొక్కణ్ణే వేశారు. గట్టి పోటీలో నెగ్గానని చాలాకాలం చెప్పుకుని తిరిగాను. (ప్రకాశం జిల్లాకి ఎవరూ దరఖాస్తు పెట్టలేదు. గుంటూరు జిల్లాకి పెట్టిన ఇంకొకాయనకి బ్యాంకులో ఉద్యోగం వచ్చింది.) పనేమిటంటే, వారానికి యాభై ఇళ్ళు తిరిగి, మా ఛానల్ కార్యక్రమాల మీద జనం ఏమంటున్నారో కాయితాల మీద రాయించి పంపాలి. ఉద్యోగం తాత్కాలికం. ఏడాది తిరిగేలోగా నా కాయితాలు పనికొస్తాయని పైవాళ్ళకి తోస్తే ఖాయం చేస్తారు. ఆ 'ఖాయం' అన్న మాట మీదే నా పెళ్ళి వేలాడుతోంది. అద్దంకి దగ్గర ఒక పత్తి మిల్లు మేనేజరుగారి అమ్మాయిని చూసి వచ్చాం. నచ్చిందా అంటే, కాఫీ కప్పు అందిస్తూ ఆవిడ నన్ను చూసిన ఒక్క చూపుకి, కాఫీలో పంచదార వెయ్యలేదన్న సంగతి బస్సెక్కాక గానీ నాకు తట్టలేదు. వాళ్ళ నాన్నగారు మాత్రం పత్తి కుప్పలో చెయ్యి పెట్టి పింజ లాగి చూస్తే గానీ మాట్లాడని మనిషి. నన్నూ అలాగే కాసేపు లాగి చూసి, "టీవీ ఉద్యోగం అంటున్నారు, బావుంది. ఖాయం చేసినట్టు కాయితం పట్రండి, మర్నాడే తాంబూలాలు పుచ్చుకుందాం" అన్నారు.

ఇంతకీ చీకటిరేడు అంటే నల్ల ముసుగు మనిషి. పగలంతా గడియారాలు బాగుచేసుకుంటూ బతుకుతుంటాడు. ఎక్కడైనా అన్యాయం జరిగితే ముందు అక్కడి దీపాలన్నీ ఆరిపోతాయి. ఆ చీకట్లోంచి ఈయన వచ్చి, కొట్టాల్సినవాళ్ళని కొట్టి, దీపాలు వెలిగేలోగా వెళ్ళిపోతాడు. అరగంట సీరియల్లో ఇరవై నిమిషాలు చీకటే. హైదరాబాదులో దాన్ని కళ అన్నారు. మా జిల్లాల్లో దాన్ని కరెంటు కోత అంటారు. కనిగిరిలో ఒక ఇంట్లో నేను కూర్చుని ఉండగానే తెర నల్లబడింది. అందరం ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. పావుగంటయింది. ఆ ఇంటి ముసలాయన "ఇవాళ చాలాసేపు ఉన్నాడే" అని మెచ్చుకున్నాడు కూడా. ఈలోగా కోడలు విసనకర్ర పట్టుకుని వంటింట్లోంచి వచ్చి, "మావయ్యా, కరెంటు పోయి ఎంతసేపయిందో, ఇంకా ఆ టీవీ ఎదురుగా ఏం చేస్తున్నారు?" అంది. దాచేపల్లిలో ఒకావిడ తెరని ముందు కొంగుతోనూ, తర్వాత తడిగుడ్డతోనూ తుడిచి చూసి, "మీ సీరియలే మాసిపోయింది నాయనా, టీవీ తప్పేం లేదు" అని తేల్చింది. మంగళగిరిలో మగ్గం నేసే పెద్దాయన కథ సంగతి వదిలేసి, చీకటిరేడు భుజాల మీద వేలాడే నల్లగుడ్డ గురించే గంట మాట్లాడాడు. అది మిల్లు గుడ్డ అట, మూడు ఉతుకులకి రంగు దిగిపోతుందట, అందరినీ కాపాడేవాడు ఆ మాత్రం చూసుకోవద్దా అట. అన్నిటికంటే గట్టి ప్రశ్న మా వైపు పత్తి రైతు ఒకాయన అడిగాడు. "మొహానికి గుడ్డ కట్టాడు. చేతులకి తొడుగులేశాడు. చేలో మందు కొట్టడానికి బయల్దేరినట్టే ఉన్నాడు. మరి వీపు మీద డబ్బా ఏదీ?"

మూడు వారాలు ఈ నిజాలన్నీ శ్రద్ధగా రాసి పంపాను. ఉలుకూ పలుకూ లేదు. నాలుగో వారానికి కాళ్ళు వాచి, మా పెద్దమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని యాభై కాయితాలూ నేనే నింపేశాను. అలవాటు లేని పని కనక మొదట చిన్నగానే మొదలుపెట్టాను. 'మా వారు అన్నం ముద్ద చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయారు' అని ఒక గృహిణి పేరు మీద రాశాను. వారం తిరక్కుండా హైదరాబాదు నుంచి మా పైఅధికారి స్వదస్తూరీతో ఉత్తరం వచ్చింది. 'మీ జిల్లాల హృదయం ప్రత్యేకమైనది. ఇలాంటివే పంపండి' అని. ఇక చూస్కోండి. ముద్ద చేతిలో ఉండిపోయిన ఆయన పైవారం అన్నమే మానేశాడు. ఆ పైవారం వాళ్ళ ఆవిడ కూడా మానేసింది. (ఆ సీరియల్ నేను ఒక్క భాగం కూడా పూర్తిగా చూడలేదని ఇక్కడే ఒప్పేసుకుంటాను. ఇళ్ళకి వెళ్ళినన్నాళ్ళూ నా చూపు కాయితాల మీదే ఉండేది. వెళ్ళడం మానేశాక అసలు టీవీయే ఎదురుగా లేదు.) అంతలో, ప్రకటనలు రావడం లేదని ఛానల్ వాళ్ళు చీకటిరేడుని ఒక పాడుబావిలోకి తోసేసి సీరియల్ ఆపేశారు. నేను ఆ వారం నా ప్రతిభనంతా ధారపోశాను. ఏ ఊరి పేరు రాయాలో తోచక, కూర్చున్న అరుగు పెద్దమ్మదే కనక వాళ్ళ ఊరి పేరే రాసి, 'ఆ సాయంత్రం ఊళ్ళో పొయ్యి వెలగలేదు, ఆడవాళ్ళంతా ఒకచోట చేరి ఏడ్చారు' అని నివేదించాను. పొయ్యి వెలగకపోవడం మాత్రం నిజం. ఆ వేళ కరణంగారింట్లో పెళ్ళి, ఊరంతా అక్కడే భోంచేసింది.

అబద్ధం ఊరి పొలిమేర దాటితే మన మాట వినదు. పది రోజుల్లో ఇంకో ఉత్తరం వచ్చింది. నా నివేదికలు చూసి ఛానల్ పెద్దలు కదిలిపోయారట. చీకటిరేడుని బావిలోంచి పైకి తీస్తున్నారట. కొత్త భాగం మొదటి క్యాసెట్టు తయారైందట. దాన్ని టీవీలో వెయ్యడానికి ముందు, పొయ్యి వెలగని ఆ ఊరికే తెచ్చి, ఆ ఆడవాళ్ళకే చూపించి, వాళ్ళ స్పందనని కెమెరాతో పట్టడానికి పైఅధికారి స్వయంగా వచ్చే బుధవారం వస్తున్నారట. చివర ఒక వాక్యం. 'మీ ఉద్యోగం విషయం కూడా అదే రోజు తేలుస్తాను.'

ఉత్తరం పట్టుకుని పెద్దమ్మ దగ్గరికి పరిగెత్తాను. పెద్దమ్మ మా అమ్మకి అక్క. రైతుల దగ్గర మిరపకాయలు తీసుకుని, రేకుల షెడ్డులో ఆడవాళ్ళ ముఠా చేత తొడిమలు తీయించి, గుంటూరు యార్డుకి పంపే వ్యాపారం ఆవిడది. మగవాళ్ళు కూడా ఆవిడతో బేరమాడే ముందు మంచినీళ్ళు తాగేవాళ్ళు.

"ఏరా, మొహం అలా వేలాడేశావు? పెళ్ళివాళ్ళు వద్దన్నారా?"

"ఇంకా అనలేదు. బుధవారం తర్వాత అంటారు" అని జరిగిందంతా చెప్పాను.

"అయితే ఊరంతా ఏడ్చిందని రాశావు."

"రాశాను."

"నేనూ ఏడ్చానా?"

"నువ్వు స్పృహ తప్పావు."

పెద్దమ్మ ఒక నిమిషం ఆలోచించింది. "అది కొంచెం ఎక్కువ రా" అంది. తర్వాత, "ఇప్పుడెంతమంది ఏడవాలి?"

"కనీసం ఒక యాభై మందైనా."

"యాభై మందా? మీ పెదనాన్న పోయినప్పుడే పదకొండు మంది ఏడ్చారు. అందులో ఇద్దరికి జలుబు."

నేను తల పట్టుకుని మెట్టు మీద కూలబడ్డాను. పెద్దమ్మ కాసేపు నన్ను, కాసేపు షెడ్డుని చూసింది. "ఏడిపించడానికి మనకి సీరియల్ దేనికిరా? షెడ్డు నిండా ఎండు కాయ పోసి ఉంది. ఆయన్ని అక్కడికే తీసుకురా. టీవీ అక్కడే పెడదాం. కుప్ప వెనక ఒక ఫ్యాను తిప్పితే, ఆ ఘాటుకి పెళ్ళికూతురి తరఫువాళ్ళు కూడా ఏడుస్తారు" అంది. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. నిజమే మరి. లారీ డ్రైవర్లు, తూకం వేసేవాళ్ళు, పన్నుల ఇన్‌స్పెక్టరు, ఆ షెడ్డు గడప తొక్కినవాడు ఎవడైనా కళ్ళు తుడుచుకోకుండా బయటికి వెళ్ళడం మేము చూడలేదు. ఇక్కడే మేమిద్దరం ఒక పొరపాటు చేశాం. మిరపకాయల మధ్య బతికేవాళ్ళు మాత్రమే చెయ్యగల పొరపాటు. షెడ్డుకి వచ్చినవాళ్ళంతా ఏడవడం చూసి చూసి, షెడ్డులో ఉండేవాళ్ళు ఎవరూ ఏడవరన్న సంగతి మర్చిపోయాం.

బుధవారం సాయంత్రం ఐదింటికి జీపు వచ్చింది. పైఅధికారి తెల్లటి సఫారీ సూటులో దిగారు. (ఇకమీద ఆయన్ని సఫారీగారనే అంటాను.) వెనకే కెమెరామన్. షెడ్డులో పెద్దమ్మ ముఠా ఆడవాళ్ళు పన్నెండు మంది కుప్ప చుట్టూ కూర్చుని తొడిమలు తీస్తున్నారు. (నివేదికలో రెండు వందలని రాశాను. 'మిగతావాళ్ళు దుఃఖం తట్టుకోలేక రాలేదండి' అని చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను గానీ ఆయన లెక్కపెట్టలేదు.) దుమ్ముకి అందరూ ముక్కూ నోరూ మూసి వెనక్కి గుడ్డలు కట్టుకున్నారు, కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. సఫారీగారు గుమ్మంలోనే ఆగిపోయారు.

"అందరూ ముసుగులు వేసుకున్నారే" అన్నారు.

"అభిమానమండి" అన్నాను. దేవుడు క్షమించుగాక.

మా వైపు ఇంటికొచ్చిన పెద్దమనిషికి ఫ్యాను గాలి తగిలే చోట కుర్చీ వెయ్యడం మర్యాద. పెద్దమ్మ ఎంత కంగారులో ఉన్నా మర్యాద తప్పే మనిషి కాదు. కుప్పకి అటువైపు ఫ్యాను, ఇటువైపు సరిగ్గా దానికెదురుగా సఫారీగారికి కుర్చీ. షెడ్డులో ఉన్న ఘాటంతా ఒక్క చోటికి పోగై ఆయన మొహానికి తగిలేలా, మేము ఏ చెడు ఉద్దేశమూ లేకుండా, కేవలం గౌరవం కొద్దీ ఏర్పాటు చేశాం. ముఠాకి పెద్ద పాటలక్క. చర్చిలో పాటలు ఎత్తుకునేది ఆవిడే కనక ఆ పేరు. "ఏం చెయ్యాలండీ మేము?" అని అడిగింది. "రోజూ చేసేదే అక్కా. టీవీ చూస్తూ చెయ్యండి, అంతే" అన్నాను. ఏడవమని చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఏముందిలే అనుకున్నాను.

క్యాసెట్టు తిరిగింది. చీకటిరేడు బావిలోంచి ఒక చెయ్యి బయటపెట్టాడు. సఫారీగారు ఒకసారి దగ్గారు. చీకటిరేడు రెండో చెయ్యి బయటపెట్టాడు. సఫారీగారు జేబురుమాలు బయటపెట్టారు. నేను ఆశగా ఆడవాళ్ళ వైపు చూశాను. పన్నెండు జతల కళ్ళు, ఎండాకాలం చెరువుల్లా పొడిగా ఉన్నాయి. చేతులు మాత్రం టకటకా తొడిమలు తుంచుతున్నాయి. నాకు ఆ క్షణాన ఉద్యోగం, పెళ్ళి, పంచదార లేని ఆ కాఫీ, అన్నీ కలిసి బావిలో పడుతున్నట్టు కనిపించాయి.

"ఇన్నాళ్ళూ బావిలో ఏం తిన్నాడంట?" అంది ఒకావిడ.

"పాడుబావి కదా, పావురాలుంటాయిలే."

"ఆ నల్లగుడ్డలు ఉతికేది ఎవరే? పెళ్ళాం ఉందా?"

"ఉంటే అలా తిరగనిస్తుందా?"

పది నిమిషాలకి సఫారీగారి రెండు కళ్ళూ, ముక్కూ ధారలు కట్టాయి. ఆయన చుట్టూ చూశారు. అయితే కళ్ళ నిండా నీళ్ళు ఉన్న మనిషికి లోకమంతా తడిసినట్టే కనిపిస్తుంది కదా. ఆ పన్నెండు మందీ కూడా కరిగిపోతున్నారని ఆయన అనుకున్నారు. కెమెరామన్ సంగతి ఇంకా ఘోరం. కెమెరాకి కన్ను ఆనించలేక, భుజాన పెట్టుకుని గాలివాటంగా తిప్పుతున్నాడు. ఇంతలో తెర మీద ఒక ఘట్టం వచ్చింది. చీకటిరేడు తన తల్లి ఇంటికి వెళతాడు. ముసుగు ఉంది కనక ఆవిడ పోల్చుకోదు. ఎవరో బాటసారి అనుకుని, "ఎండన పడి వచ్చావు, తాగి పో నాయనా" అని మజ్జిగ గ్లాసు ఇస్తుంది. తాగాలంటే ముసుగు ఎత్తాలి. ఎత్తకూడదు. గ్లాసు కాసేపు చేతిలో పట్టుకుని, గట్టు మీద పెట్టి వెళ్ళిపోతాడు.

"మజ్జిగ దండగ చేశాడు" అంది పావురాలావిడ.

అదే సమయానికి సఫారీగారు ఆపుకోలేక గట్టిగా ఒక ఏడుపు ఏడ్చారు. పాటలక్కకి జాలేసింది. లేచి వెళ్ళి, నడుముకున్న చిన్న సంచిలోంచి బెల్లం ముక్క తీసి ఆయన చేతిలో పెట్టింది. ఘాటుకి బెల్లం మంచిది. "ఊరుకోండి బాబూ. పోయినోడు లేచొచ్చాడు కదా, ఇంకా ఏడుపెందుకు? నోట్లో వేసుకోండి, తగ్గుద్ది" అంది. కూలికి పోయే మనిషి తన బాధ దిగమింగుకుని తనని ఓదారుస్తోందనుకుని సఫారీగారు బెల్లం చప్పరిస్తూ ఇంకా గట్టిగా ఏడ్చారు. నా కళ్ళల్లోంచీ నీళ్ళు కారుతూనే ఉన్నాయి. (డిగ్రీ పేరుతో గుంటూరులో ఉండి, ఘాటు అలవాటు తప్పింది మరి.) జీపెక్కే ముందు ఆయన నా రెండు చేతులూ పట్టుకుని, ఎర్రటి కళ్ళతో, "మీ నివేదికల్లో చాలా తగ్గించి రాశారండీ" అన్నారు. నా జీవితంలో ఆ మాట నన్ను ఇంకెవరూ అనలేదు.

రెండు వారాలకి ఉద్యోగం ఖాయమైనట్టు కాయితం వచ్చింది. దాన్ని పెద్దమ్మ పసుపు రాసి దేవుడి ముందు పెట్టింది. ఆ సాయంత్రమే టీవీలో చీకటిరేడు మళ్ళీ వస్తున్నాడన్న ప్రకటన కూడా వచ్చింది. హైదరాబాదులో కెమెరా టేపు వేసి చూసుకుంటే ఏం కనిపించిందో మీరు ఊహించుకోవచ్చు. పన్నెండు మంది ఆడవాళ్ళు శుభ్రంగా పని చేసుకుంటున్నారు, మధ్యలో పైఅధికారి ఒక్కరే పసిపిల్లాడిలా ఏడుస్తున్నారు. ఆయన తన మొహం కత్తిరించేశారు. టేపులో ఇక ఏడుస్తూ మిగిలింది ఒక్కడే. నేను. 'చీకటిరేడు కోసం కరిగిన గుండెలు' అని గంభీరమైన గొంతు వినిపిస్తుంటే, వార్తలకి ముందొకసారి, వార్తల తర్వాత ఒకసారి, నా మొహం టీవీ నిండా పరుచుకుని, పెదవులు వంకర్లు తిరుగుతూ ఏడ్చేది. నెలరోజులు. చిలకలూరిపేట బస్సులో కండక్టరు టిక్కెట్టు ఇస్తూ, "ఏడవకండి, చిల్లర దిగేటప్పుడు ఇస్తాను" అన్నాడు.

పెళ్ళివారి దగ్గర్నుంచి కబురొచ్చింది. పెద్దమ్మే చెప్పింది.

"సంబంధం వద్దన్నార్రా."

"ఖాయం కాయితం పంపాంగా?"

"ఉద్యోగం ఖాయమే. మనిషే ఖాయం కాదన్నారు. ముసుగు బొమ్మ కోసం ఏడ్చేవాడికి పిల్లనివ్వరంట."

రెండు రోజులు నేను అన్నం ముద్ద చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాను. (ఈసారి నిజంగానే.) మూడో రోజు పెద్దమ్మని తీసుకుని అద్దంకి బస్సెక్కాను. దారంతా లెక్కలు వేసుకున్నాను. నిజం చెబితే, నేను ఏడుపుగొట్టు మనిషిని కానని తేలుతుంది. కానీ దొంగ కాయితాలు రాశానని కూడా తేలుతుంది. ఆయన తలుచుకుని ఛానల్‌కి ఒక కార్డు ముక్క రాస్తే ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే పెళ్ళీ పోతుంది. చెప్పకపోతే పెళ్ళి ఎలాగూ పోయింది.

మేనేజరుగారు వాలుకుర్చీలో కూర్చుని, నన్ను టీవీలో చూసినంత జాలిగా చూశారు. "చూడబ్బాయ్, ఏడవడం తప్పని నేననడం లేదు. ఇంట్లో మనిషి పోతే ఏడవాలి. అయితే వేషం వేసుకుని కరెంటు తీసేసేవాడి కోసం నువ్వంత ఏడిస్తే, రేపు మా అమ్మాయికి నాలుగు రోజులు జ్వరం వస్తే ఏం చేస్తావు? డాక్టర్ని పిలుస్తావా, మూల కూర్చుంటావా?"

ఇక లాభం లేదని మొదలుపెట్టాను. "నేను ఏడ్చింది సీరియల్‌కి కాదండీ, మిరపకాయలకి. అసలు ఊళ్ళో ఎవరూ ఏడవలేదండి. యాభై ఇళ్ళు తిరగలేదండి. ముద్ద పట్టుకున్నాయనా లేడు, వాళ్ళావిడా లేదు. మా పెద్దమ్మ స్పృహ తప్పిందన్నది కూడా అబద్ధమేనండి."

"ఆ మాట నిజం అన్నయ్యగారూ, నేను తప్పలేదు" అంది పెద్దమ్మ.

అరుగు నుంచి షెడ్డు దాకా, షెడ్డు నుంచి బెల్లం ముక్క దాకా అంతా చెప్పేశాను. ఆయన కదలకుండా విన్నారు. విన్నాక వాలుకుర్చీ కిర్రుమంది. చూస్తే ఆయన పొట్ట ఊగుతోంది.

"అంటే, ఆ హైదరాబాదాయన్ని కుర్చీ వేసి మరీ ఏడిపించావా?"

"ఏడిపించింది ఫ్యానండి."

ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వారు. నవ్వి, ఇంట్లోకి తిరిగి పంచాంగం తెమ్మని కేకేశారు. "ఏడ్చే అల్లుడు వద్దనుకున్నాను. ఏడిపించే అల్లుడైతే ఎక్కడైనా బతుకుతాడు" అన్నారు. అబద్ధాలాడినందుకు నన్నెవరూ తప్పుపట్టలేదు. కన్నీళ్ళు అబద్ధమైనందుకు అందరూ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. పంచాంగం తెచ్చింది అమ్మాయే. తెచ్చి, వెళ్ళకుండా గుమ్మంలో నిలబడింది. మళ్ళీ మొదలైన సీరియల్ మొదటి భాగం సరిగ్గా ఆ వారమే టీవీలో వచ్చింది.

"ఒకటి అడగొచ్చా?" అంది, నా వైపు కాకుండా పంచాంగం వైపు చూస్తూ. "ప్రకటనలో మీరు ఏడుస్తున్నప్పుడు, ఓ పక్కగా షెడ్డు టీవీలో ఆ ముసలావిడ మజ్జిగ గ్లాసు ఇస్తోంది. అప్పుడు కూడా మిరపకాయలేనా?"

మేనేజరుగారు కళ్ళు తుడుచుకుంటూ నా వైపు చూశారు. పెద్దమ్మ నా వైపు చూసింది.

"మిరపకాయలేనండి. ఒట్టు" అన్నాను.

"ఓహో" అంది ఆవిడ. అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ 'ఓహో'లో ఏదో ఒకటి చిన్నగా ఆరిపోవడం నాకు వినిపించింది. పెళ్ళి ఆ వైశాఖంలోనే అయింది. చీకటిరేడు ఇంకో పాతిక వారాలు బతికి మళ్ళీ బావిలో పడ్డాడు, నా ఉద్యోగం కూడా వాడితోనే పడింది, నేను ఇంకో చోట గుమాస్తాగా తేలాను. అవన్నీ మామూలు సంగతులు. మామూలు కానిది ఒకటి మిగిలింది, అది ఇప్పుడు చెప్పేస్తాను.

నాకు ఘాటు అలవాటు తప్పలేదు. మిరపకాయ బస్తాల మీద నిద్రపోయి పెరిగినవాణ్ణి. పైగా ఆ రోజు నేను నిలబడింది కుప్పకి ఇవతల కాదు, ఫ్యాను వెనక. నా వైపుకి ఒక్క పిసరు ఘాటు కూడా రాలేదు. అన్ని వారాలు ఆ సీరియల్ చూసి అంతమంది అన్నం మానేశారని రాసిన నేను, దాన్ని కుదురుగా చూడటం అదే మొదటిసారి. వాడు ఆ గ్లాసు తాగకుండా గట్టు మీద పెట్టి వెళ్ళిపోతుంటే, చెంపలు తడిసేదాకా నేను ఏడుస్తున్నానని నాకే తెలియలేదు. రెండు జిల్లాల నుంచీ నాకు దొరికిన ఒకే ఒక్క నిజమైన స్పందన అది. దాన్ని మాత్రం ఏ కాయితం మీదా రాయలేదు. గుమ్మంలో నిలబడి ఆవిడ అడిగినప్పుడు 'కాదండీ, అక్కడ నిజంగానే ఏడ్చాను' అని ఒక్క మాట అని ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తెలీదు. మా మావగారు పంచాంగం మూసేసేవారేమో. ఆవిడ మాత్రం 'ఓహో' అని ఉండేది కాదు.

ఇన్నేళ్ళుగా మా ఆవిడ మనసుకు పట్టే సీరియల్ ఏదొచ్చినా ఒక్కతే చూస్తుంది. నేను గదిలోకి వెళితే వార్తలకి మార్చేస్తుంది. మిరపకాయలకి తప్ప దేనికీ కరగని మనిషి ముందు కళ్ళు తుడుచుకోవడం ఆవిడకి నామోషీ. ఇప్పుడు ఫోనులో చూస్తోంది, నా అలికిడి వినిపిస్తే దాన్ని బోర్లిస్తుంది. నిన్న సాయంత్రం ధైర్యం చేసి, చెప్పాల్సిన మాట రెండుసార్లు వల్లె వేసుకుని, ఆ గది గుమ్మం దాకా వెళ్ళాను. ఆవిడ ఫోను బోర్లించి, "ఏం కావాలి?" అంది. "మంచినీళ్ళు" అన్నాను. తెచ్చిచ్చింది, తాగి వచ్చేశాను. ఇరవై ఆరేళ్ళప్పుడు గుమ్మం ముందు తడబడినవాడు అరవైకి దగ్గరపడ్డాక కూడా గుమ్మం ముందే తడబడితే నవ్వక ఏం చేస్తాం? అందుకే ఇలా రాస్తున్నాను. అబద్ధాలన్నీ కాయితం మీదే పంపినవాణ్ణి, ఉన్న ఒక్క నిజాన్నీ కాయితం మీదే పంపడం న్యాయం. పత్రిక ఇంటికి రాగానే ముందు చదివేది ఎలాగూ ఆవిడే.